చెట్టూ చేమా: గట్టు మీద ఏ చెట్టు వేయాలి?

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాలుగెకరాల ఎర్రనేల, వానొస్తే వేరుశనగ, లేకుంటే బీడు. గట్ల మీద చెట్లు పెడదామనుకుంటున్నా. ఎర్రచందనం పెడితే డబ్బులే డబ్బులని ఒకరు, వేప చాలని ఇంకొకరు అంటున్నారు. మీకైతే ఏ చెట్టు ఇష్టం?
— ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: నాకైతే నారేపి, నాయనా. ఈ మాట ఎవరడిగినా చెప్తాను.

మీ వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, అదీ ఒక పద్ధతిలో పడదు. అలాంటి నేల కోసమే పుట్టిన చెట్టు ఇది. గుట్టల్లో, రాళ్ల సందుల్లో కూడా నిలబడుతుంది. ఆకును చేతిలోకి తీసుకుని చూడండి. రెండు రెక్కలు మొదట్లో అతుక్కుని, అచ్చం మేక గిట్ట అచ్చులాగా ఉంటుంది. లేత చిగురైతే ఎర్రగా మెరుస్తుంది.

మా జేజినాయన బండికి కావలసిన కొయ్యంతా నారేపిదే. చేవ ఎంత గట్టిదంటే, ముక్కను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. కొట్టిన కొమ్మల బెరడు ఒలిచి, నానబెట్టి, దంచి నార తీసేవాడు. ఎద్దుల పగ్గాలు, బావి మోకులు ఆ నారతోనే పేనేవాడు. పేరులో నార ఊరికే రాలేదు. కరువు ఏడాది కొమ్మలు నరికి వేస్తే పశువులు ఆకంతా తినేసేవి. చేనుకు నీడ ఎక్కువైందనిపిస్తే మీరూ అలాగే కొమ్మలు కొట్టుకోవచ్చు, మళ్లీ చిగురిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా. చిన్న కవర్లలో పెంచిన మొక్కలు కొనకండి. నేను ఒకసారి అలాగే తెచ్చి నాటితే సగానికి పైగా ఎండిపోయాయి. తీసి చూస్తే తల్లివేరు కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ చెట్టు ముందు వేరును పెంచుకుంటుంది. మొదటి ఏడాది పైన జానెడే కనబడుతుంది, వేరు మాత్రం దానికి ఎన్నో రెట్లు లోతుకు దిగిపోతుంది. అందుకే ఎదగడం లేదని టెన్షన్ పడి పీకెయ్యకండి. ఏప్రిల్, మే నెలల్లో కాయలు పండుతాయి. పలచటి రెక్కలాంటి కాయకు ఒక కొసన ఒకటే విత్తనం ఉంటుంది. గాలికి కొట్టుకుపోకముందే ఏరి పెట్టుకుని, తొలకరికి గట్టు మీదే గుంత గుల్ల చేసి రెండేసి విత్తండి. విత్తనం నిలవుంటే మొలక శక్తి పోతుంది, ఆ ఏటిది ఆ ఏడే వాడండి. చుట్టూ ముళ్లకంప తప్పనిసరి, మేకలు వదలవు. ఏటా కాపు బాగా ఉండదు, కాసిన ఏడు వదులుకోవద్దు.

ఎర్రచందనం మన కొండల చెట్టే. శేషాచలం, లంకమల, పాలకొండల్లో సహజంగా పెరుగుతుంది, నాకూ గౌరవమే. కానీ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది, కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. డబ్బు ఆశతో పెట్టేది కాదు. వేప ఇంటి దగ్గర ఒకటి ఎలాగూ ఉంటుంది కదా.

ప్రశ్న: ఇంటి ముందు కానుగ పెట్టాం. ఆకుల నిండా బుడిపెలు వచ్చాయి. చెట్టు కొట్టేయమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక గృహిణి, కడప

జవాబు: కొట్టొద్దమ్మా. అవి ఆకుకు పట్టే, కంటికి కనబడని నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు) వల్ల వచ్చే బుడిపెలు. చూడ్డానికి బాగుండవు గానీ చెట్టు చచ్చిపోదు. బాగా పట్టిన రెమ్మలు కత్తిరించి కాల్చేయండి. ఎండాకాలం మొదట్లో పాత ఆకంతా రాల్చి, ఉగాది నాటికి నిగనిగలాడే కొత్త ఆకు తొడుగుతుంది. రాలిన ఆకు ఊడ్చి పారేయకుండా పూల మొక్కల మొదట్లో వేయండి, మంచి ఎరువు.