ఒడ్డుకెక్కిన బోటును కాపాడుకోవడం ఎట్లా?

రోహిణి కార్తె దగ్గర పడే కొద్దీ ఈ శీర్షికకు బోట్ల గురించే ఉత్తరాలు వస్తున్నాయి. చెరువుల్లో నీళ్ళు తూము దాకా దిగిపోయాయి, వేట ఆఖరుకొచ్చింది, ఇక బోటును ఎక్కడ పెట్టాలన్నదే అందరి ఆలోచన. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబు.

మా సంఘంలో నలుగురం కలిసి 14 అడుగుల ఫైబర్ బోటు, దానికి చిన్న పెట్రోల్ ఇంజిన్ కొనుక్కున్నం. వీడియోల్లో చూస్తే చలికాలం రాకముందే బోటు పక్కన పెట్టాలె, ఇంజిన్‌ల గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయాలె అంటున్నరు. పోయిన చలికాలం మేము అవేవీ చెయ్యలేదు. ఇంజిన్ చెడిపోయి ఉంటదా? (నర్సంపేట దగ్గరి నుంచి)

ఏమీ కాలేదు తమ్ముడూ, టెన్షన్ పడకండి. ఆ వీడియోలు చెరువు గడ్డకట్టే దేశాల వాళ్ళవి. నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఇంజిన్ లోపలి సందుల్లో నీళ్ళు నిలిచి గడ్డకడితే ఇనుము కూడా పగిలిపోతుంది, అందుకే వాళ్ళు ఆ మందు పోస్తారు. అది కూడా ఎక్కువగా బోటు లోపల బిగించే పెద్ద ఇంజిన్లకు. మీది వెనక తగిలించే రకం, నిటారుగా నిలబెడితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. మన దగ్గర డిసెంబర్ తెల్లవారుజామున ఎంత వణికినా నీళ్ళు గడ్డకట్టేంత చలి రాదు. పైగా మన చెరువులు నిండుగా ఉండేది ఆ కాలంలోనే, అప్పుడు బోటు పక్కన పెడితే పని ఎప్పుడు చేస్తారు?

మన బోటుకు విశ్రాంతి కాలం రోహిణి నుంచి వానలు తగ్గేదాకా. మృగశిర నాటి చేపలు అమ్ముకున్నాక ఇంజిన్ విప్పి ఇంటికి తెచ్చుకోండి. దాన్ని నాలుగు నెలలు అట్లే వదిలేస్తే చెడగొట్టేది పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది వానాకాలపు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్ళతో కలిసి ట్యాంకు అడుగున వేరుగా నిలుస్తుంది. మిగిలిన పెట్రోల్ కార్బురేటర్‌లో ఎండి జిగురులా పట్టుకుంటుంది. వానలు వెలిసి బోటు దింపే రోజున తాడు ఎంత లాగినా స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

కాబట్టి ఆరుబయట ఒక డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, ఇంజిన్‌ను అందులో మునిగేలా బిగించి పది నిమిషాలు నడపండి. లోపలి బురద, నాచు కడుక్కుపోతాయి. నీళ్ళు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపొద్దు, లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం కాలిపోతుంది. తర్వాత పెట్రోల్ పైపు పీకేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఉంచండి, కార్బురేటర్ ఖాళీ అవుతుంది. ట్యాంకులో మిగిలింది బండిలో పోసుకోండి, వృథా కాదు. కానీ మీది టూ స్ట్రోక్ అయ్యి పెట్రోల్‌లో ఆయిల్ కలిపి ఉంటే బండిలో పోయొద్దు. ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజిన్ ఆయిల్ ఇప్పుడే మార్చండి, వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు చేరి ఉంటాయి, నెలల తరబడి లోపల ఉంటే భాగాలను తినేస్తాయి. చాలామంది సీజన్ మొదట్లో మారుస్తారు, నా మాట విని చివర్లో మార్చండి. స్పార్క్ ప్లగ్ తీసి ఒక చెంచా ఆయిల్ పోసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి మళ్ళీ బిగిస్తే లోపల తుప్పు పట్టదు.

ఇంకో ముఖ్యమైన పని ఉంది. ప్రొపెల్లర్ విప్పి దాని వెనక షాఫ్టును చూడండి. వలలున్న చెరువులో తిరిగిన ఇంజిన్‌కు నైలాన్ దారం చుట్టుకోకుండా ఉండదు. ఆ దారం లోపలి రబ్బరు సీలును కోసేస్తుంది, ఆ సందులోంచి నీళ్ళు గేర్లలోకి పోతాయి. పోయాయో లేదో తెలియాలంటే కింది గేర్ ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టే, సీలు మార్చాల్సిందే. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి పొంగాక ముందు పై స్క్రూ బిగించాలి, తర్వాత కిందిది. పైనుంచి పోస్తే గాలి బుడగ నిలిచిపోతుంది.

బోటును కట్ట కింద చెట్టు నీడన పెట్టి తాడిపత్రి కప్పితే చాలా? (ములుగు నుంచి)

చాలదు. ముందు బోటు అడుగున ఉండే నీళ్ళ బిరడా తీసేయండి, తీసి తాళంచెవితో పాటు కట్టుకోండి. ఇది చిన్న పని, కానీ దీన్ని మరిచిపోయి ఒక జులైలో మా బోటు పాడు చేసుకున్నాం, వెనక చెక్క నాని ఉబ్బి ఇంజిన్ బిగించే చోటు పాడైంది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. బోటు నోరు ఆరు చదరపు మీటర్లు అనుకోండి. ఒక్క రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడితే అందులో 600 లీటర్లు, అంటే 600 కిలోలు నిలుస్తాయి. ఆ బరువు నీళ్ళ మీద ఉన్నప్పటిలా అన్ని వైపులా పంచుకోబడదు, కింద పెట్టిన రెండు మొద్దుల మీదే పడుతుంది. మీ జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో 2023 జులై చివర్లో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది, మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

వీలైతే బోల్తా కొట్టించి పెట్టండి, నలుగురు పట్టుకుంటే చిన్న బోటు తిరుగుతుంది. వీలు కాకపోతే ముందుభాగం ఎత్తుగా ఉండేలా పెట్టండి, నీళ్ళు వెనకకు వచ్చి బిరడా రంధ్రంలోంచి పోతాయి. నేల మీద ఆనించొద్దు. రాళ్ళు పేర్చి, వాటి మీద పాత టైర్లు వేసి, వాటి మీద పెట్టండి. కర్ర మొద్దులైతే చెదలు పట్టి అక్కడి నుంచి బోటులోని చెక్కకు ఎక్కుతాయి. తాడిపత్రిని బోటుకు అతుక్కునేలా కట్టొద్దు, మధ్యలో వెదురు బొంగు నిలబెట్టి ఇంటి కప్పులా వాలుగా కట్టి, రెండు చివర్లా గాలి ఆడనివ్వండి. చెట్టు నీడ మంచిదే, కానీ ఎండు కొమ్మలున్న చెట్టు కింద వద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఫైబర్ పైపూత కూడా ఆ ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. శుభ్రంగా కడిగి, ఆరాక మైనం పాలిష్ ఒక పూత రాస్తే చాలావరకు ఆగుతుంది.

మరో జాగ్రత్త, కట్ట కింద అన్నారు కాబట్టి చెప్తున్నా. మత్తడి నీళ్ళు పారే దారిలో లేకుండా చూసుకోండి.

మా అబ్బాయి అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. పోయిన అక్టోబర్‌లో వాడి బోటుకు తెల్ల ప్లాస్టిక్ చుట్టించిన ఫొటో పంపాడు. ఊళ్ళో మా మరిది వాళ్ళ బోటుకు కూడా అట్లా చేయించమంటున్నాడు. మంచిదేనా? (ఒక తల్లి, హన్మకొండ)

మీ అబ్బాయి చేసింది వాడున్న చోటికి సరైన పనేనమ్మా. అక్కడ చెరువులన్నీ నెలల తరబడి మంచుగా మారతాయి, బోటు నీళ్ళలో ఉంచితే పనికిరాకుండా పోతుంది. ఆ ప్లాస్టిక్‌ను వేడిగాలితో బిగుతుగా అతికిస్తారు, మీద పడ్డ మంచు జారిపోవడానికి. మన దగ్గర జారాల్సిన మంచే లేదు. మే నెల ఎండలో అట్లా బిగిస్తే లోపల ఆవిరి పట్టి సీట్లకు బూజు వస్తుంది. మరిది గారికి పై జవాబు చదివి వినిపించండి చాలు. ఒక్కటి మాత్రం అబ్బాయి దగ్గర అడిగి తెలుసుకోదగ్గది, బ్యాటరీ. వాళ్ళు దాన్ని విప్పి ఇంట్లో పెట్టి మధ్యమధ్యలో ఛార్జ్ చేస్తారు. మనమూ అదే చేయాలి, నెలకోసారి. మన వేడికి బ్యాటరీ ఇంకా త్వరగా దిగిపోతుంది.

మాది గోదావరి ఒడ్డు, ఏటూరునాగారం వైపు. చెక్క నాటు పడవ. ఎండకు పలకల మధ్య సందులు తెరుచుకున్నాయి. గట్టి లప్పం పెట్టి పూడ్చమంటారా?

వద్దు, దయచేసి వద్దు. చెక్క ఎండితే కుంచించుకుపోతుంది, నానితే ఉబ్బుతుంది. ఎండిన సందులో గట్టి లప్పం నింపితే, పడవ నీళ్ళలోకి దిగి చెక్క ఉబ్బినప్పుడు దానికి చోటు లేక పలకలే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మేకులు ఊడతాయి. ఫైబర్ బోటుకు చెప్పినదానికి చెక్క పడవకు చెప్పేది వేరు, దీన్ని పూర్తిగా ఎండనివ్వకూడదు. నీడన పెట్టి, లోపల తడి గోనెసంచులు పరిచి, రెండు రోజులకోసారి తడపండి. దింపే ముందు ఒడ్డు దగ్గర లోతులేని నీళ్ళలో రెండు మూడు రోజులు కట్టేసి ఉంచండి. మొదట నీళ్ళు ఊరతాయి, భయపడొద్దు, సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పటికీ ఊరే చోట్లే తర్వాత మరమ్మతు చేయించండి.

పెట్టే ఎత్తు కూడా చూసుకోండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆనాడు మీ ఊళ్ళో నీళ్ళు ఎందాక వచ్చాయో గోడల మీద గుర్తులు ఉండే ఉంటాయి. పడవను ఆ గీతకు పైన పెట్టండి, మోయడం కష్టమైనా సరే.

మీరు అడగలేదు కానీ లైఫ్ జాకెట్ల గురించి కూడా చెప్పాలి. వాటిని పడవలోనే కుప్పేసి వదలకండి, కూర్చోవడానికి వాడకండి. లోపలి ఫోమ్ అణిగిపోతే అవి మనిషిని తేల్చవు. కడిగి, నీడన ఆరబెట్టి, ఎలుకలు అందుకోని చోట వేలాడదీయండి. మళ్ళీ పడవ దింపే రోజున ఒక్కొక్కటీ తొడుక్కుని నడుము లోతు నీళ్ళలో కాళ్ళు పైకెత్తి చూడండి. తేలకపోతే ఆ జాకెట్ మళ్ళీ ఎవరికీ ఇవ్వకండి.