చాపం ఒకటే, కోణం సగమెందుకు?

"కేంద్రం వద్ద 100 డిగ్రీల కోణం చేసే చాపం (వృత్తపు అంచులో ఒక ముక్క), వృత్తంపై ఉన్న బిందువు వద్ద 50 డిగ్రీలే ఎందుకు చేస్తుంది?" అని అడిగారు. సూత్రాన్ని బట్టీ పట్టకండి. ఒక్క గీత గీస్తే కారణం కంటికే కనిపిస్తుంది.

చాపం కొనలు క, ఖ. కేంద్రం మ. వృత్తంపై బిందువు ప. ప నుంచి మ మీదుగా అవతలి దాకా గీత లాగండి. మప, మక రెండూ వ్యాసార్థాలే కాబట్టి ఆ త్రిభుజంలో ప, క వద్ద కోణాలు సమానం. ఒక్కొక్కటి 20 అనుకుంటే, మ వద్ద బాహ్యకోణం (మక, గీత అవతలి భాగం మధ్య కోణం) వాటి మొత్తం, అంటే 40. ఖ వైపు 30, 30 కలిసి 60. చూడండి, ప వద్ద 50, మ వద్ద 100! గీత కోణానికి బయట పడితే కూడికకు బదులు తీసివేత, అంతే తేడా.

ఎక్కువమంది పొరపడేది మరోచోట. ప ఆ చిన్న చాపం మీదే ఉంటే జవాబు 50 కాదు, 130. అప్పుడు దానికి ఎదురుగా ఉన్నది పెద్ద చాపం. 360లో 100 పోగా మిగిలే 260లో సగం 130. చక్రీయ చతుర్భుజంలో (నాలుగు మూలలూ ఒకే వృత్తంపై ఉండేది) ఎదుటి కోణాల మొత్తం 180 కావడానికి కారణం ఇదే.

చాపం అర్ధవృత్తమైతే వృత్తంపై కోణం 90. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇది. గాజు పెట్టి గీసిన వృత్తానికి కేంద్రం కావాలా? పోస్టుకార్డు మూలను వృత్తంపై ఆనించండి. దాని అంచులు వృత్తాన్ని ఖండించే రెండు చోట్లనూ కలిపితే వ్యాసం వస్తుంది. మూలను జరిపి మరొకటి గీయండి. రెండు వ్యాసాలూ కలిసేది కేంద్రంలోనే.