సుప్రీంకోర్టు జడ్జి మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. అమ్మాయి పెళ్లికి వచ్చిన కానుకల లెక్క కూడా అప్పట్లో ఆఫీసుకు రాసిచ్చాను. సుప్రీంకోర్టు జడ్జీలకు ఇలాంటి రూల్స్ ఉన్నాయా? తప్పితే అడిగేదెవరు? అమెరికాలో దీని మీద పెద్ద గొడవైందని మా మనవడు చెబుతున్నాడు.

జవాబు: రూల్స్ ఉన్నాయండీ. 1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జీలంతా కూర్చుని 16 అంశాలు రాసుకున్నారు. బంధువులు, స్నేహితులు తప్ప ఇంకెవరి దగ్గరా కానుకలు, ఆతిథ్యం తీసుకోకూడదు. అయినవాళ్ల కేసు వినకూడదు. కానీ అది చట్టం కాదు, వాళ్లకు వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

శ్రీకాకుళం కోర్టులో ఒకసారి జడ్జి గారు ఫైలు తిప్పుతూ ఆగి, "ఈ ప్రతివాది మాకు చుట్టం, నేను వినను" అని పక్కన పెట్టి, జిల్లా జడ్జి గారికి రాశారు. ఐదు నిమిషాల పని. ఆయన రాయకపోయినా అడగడానికి పైన జిల్లా జడ్జి, హైకోర్టు ఉన్నాయి. సుప్రీంకోర్టులో తప్పుకోవాలా వద్దా అన్నది మామూలుగా ఆ జడ్జి గారే తేల్చుకుంటారు.

మీ సర్వీసులో మెమో, ఇంక్రిమెంటు కోత, సస్పెన్షన్, డిస్మిస్ అని మెట్లున్నాయి కదా. వాళ్లకు రాజ్యాంగం పెట్టిన మెట్టు ఒక్కటే, తొలగింపు. దానికి 100 మంది లోక్‌సభ సభ్యులో 50 మంది రాజ్యసభ సభ్యులో నోటీసివ్వాలి, ముగ్గురి కమిటీ విచారించాలి, ఆపైన ఉభయ సభల్లోనూ ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా మంది ఒప్పుకోవాలి. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి.రామస్వామి మీద కమిటీ తప్పులు తేల్చింది. 1993లో లోక్‌సభలో తీర్మానానికి 196 మంది ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ వెయ్యలేదు. అయినా వీగిపోయింది. 205 మంది ఎటూ వెయ్యకుండా కూర్చున్నారు మరి!

1999 నుంచి ఇన్‌హౌస్ విచారణ, అంటే కోర్టు లోపలే జరిపే విచారణ ఒకటుంది. ఫిర్యాదులో పస ఉంటే ప్రధాన న్యాయమూర్తి ముగ్గురు జడ్జీలతో విచారణ చేయించి, రాజీనామా చెయ్యమనవచ్చు, వినకపోతే పని ఇవ్వకుండా ఆపవచ్చు. ఉద్యోగం మాత్రం తియ్యలేరు. పోలీసు కేసు పెట్టాలన్నా ముందు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని 1991లోనే తీర్పుంది. దీనికో చట్టం తెద్దామని పెట్టిన బిల్లు 2012లో లోక్‌సభ దాటి, 2014లో మురిగిపోయింది. జడ్జీల స్వతంత్రం పేరు చెప్పి ఇంత వదులుగా ఉంచడం నాకు నచ్చదు.

మీ మనవడు చెప్పింది నిజమే. అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు 2023 నవంబరులో నియమావళికి సంతకాలు పెట్టారు. అమలు చేసే నాథుడు అక్కడా లేడు.

మీరు రాయదలిస్తే భారత ప్రధాన న్యాయమూర్తికి, సంతకంతో, ఆధారాలు జతచేసి రాయండి. "తీర్పు తప్పు" అని రాస్తే మాత్రం పక్కన పడేస్తారు, దానికి దారి 30 రోజుల్లో రివ్యూ పిటిషన్, అంటే తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడగడం. టెక్కలి, శ్రీకాకుళం కోర్టుల జడ్జీల సంగతైతే అమరావతి హైకోర్టుకు అఫిడవిట్‌తో పంపాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, కోర్టు ధిక్కారం టెన్షన్ మీ నెత్తికి చుట్టుకుంటుంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.