వెనక 28 పళ్లు చాలవండీ, 34 వేయించండి

మీ రోడ్ బైక్‌కి, అంటే రేసింగ్ రకం సైకిల్‌కి, ముందు పెడల్ దగ్గరి చైన్‌రింగులు (పళ్ల చక్రాలు) 50, 34 పళ్లవి, వెనక చక్రం మీది క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) 11 నుంచి 28 పళ్లది ఉంది, కొండలకు సరిపోతుందా అని అడిగారు. వెనక పళ్లు ఎంత ఎక్కువైతే తొక్కడం అంత తేలిక. ఎక్కగలరేమో గానీ, సరిపోదు.

నా మొదటి రోడ్ బైక్ సెకండ్ హ్యాండ్‌ది. ముందు 53/39, వెనక అన్నిటికన్నా పెద్దది 25 పళ్లది. "ఇది రేసర్ల గేరింగ్" అన్నాడు అమ్మినతను. నేను మురిసిపోయాను. మొదటి కొండ మీద పది శాతం వాలు వచ్చేసరికి, ఇంకో తేలిక గేర్ ఉందేమోనని కుడి లివర్ నొక్కుతూనే ఉన్నా. ఉంటేగా! గంటకు 8 కిలోమీటర్ల వేగంలో ఆ గేర్‌లో పెడల్ నిమిషానికి నలభై సార్లు తిరుగుతుంది, అంతే. అది తొక్కడం కాదు, బస్తాలు మోయడం. కాళ్లు చేతులెత్తేశాయి. బైక్ ఆగిపోయింది, షూని పెడల్‌కి బిగించి ఉంచే క్లీట్ ఊడలేదు, నిలువునా పక్కకి పడ్డాను. ముందు మూడు చైన్‌రింగులున్న పాత టూరింగ్ సైకిల్ మీద ఒక పెద్దాయన వెనకే వచ్చి, "దెబ్బ తగిలిందా బాబూ?" అని అడిగి, తొక్కడం ఆపకుండానే పైకి వెళ్లిపోయారు. మోకాలి నొప్పి మూడు వారాలుంది. సైకిల్ తొక్కేవాళ్ల మోకాళ్ల నొప్పుల్లో సగం ఈ బరువు గేర్ల వల్లే అని నా గట్టి నమ్మకం.

"కాళ్లు బలపడితే అదే సెట్ అవుతుంది" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. 2021లో వచ్చిన షిమానో కంపెనీ గేర్ల సెట్ డ్యురా-ఏస్‌లోనే 11-34 క్యాసెట్ ఉంది. అది రేసర్ల కోసం చేసిందే కదా! ఇంకొందరు ఇరవై గ్రాములు తగ్గించడానికి నీళ్ల సీసా పెట్టుకునే కార్బన్ బాటిల్ కేజ్ కొంటారు, పెద్ద క్యాసెట్ మాత్రం బరువంటారు.

ముందు 34, వెనక 34 అయితే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, అంటే దాదాపు 2.1 మీటర్లు. అదే 8 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి అరవై పైనే తిరుగుతుంది, ఊపిరి అందుతుంది. గేర్ల మధ్య తేడా పెరిగి చదును రోడ్డు మీద చిరాకు పెడుతుందంటారు. నాకు రెండు రోజులే అనిపించింది.

కొనేముందు మీ వెనక డీరెయిలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) 34 పళ్లు తీసుకుంటుందో లేదో చూసుకోండి, పొట్టి కేజ్ (చైన్‌ని పట్టి ఉంచే కింది చెయ్యి) ఉన్నవి చాలావరకు తీసుకోవు. చైన్ కూడా పొడవు చాలకపోవచ్చు. ఎలాగూ కొత్త క్యాసెట్ మీద అరిగిన పాత చైన్ వేయకూడదు, రెండూ కలిపే మార్చేయండి.