వాయిదాల బ్యానర్

ప్రశ్న: మా పరిహారం కేసుకు 41 వాయిదాలు పడ్డాయి. ఆ తేదీలన్నీ గుడ్డ మీద రాసి ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌లో కడదామనుకుంటున్నాం. పోయినసారి రంగు పెచ్చులూడింది. ఎందుకండీ?
– ఓ పాఠకురాలు, ముషీరాబాద్

జవాబు: గంజి వల్లనమ్మా. కొత్త గుడ్డను వేడినీళ్లలో నానబెట్టి ఉతక్కపోతే రంగు గంజి మీదే నిలిచి, మడత పెట్టగానే రాలుతుంది. అక్రిలిక్ రంగులో నీళ్లు ఎక్కువైతే అంచులు పాకుతాయి. 100 అడుగుల దూరానికి అక్షరం 10 అంగుళాలుండాలి. అన్ని తేదీలూ అంత సైజులో పట్టవు గనక ‘41’ పెద్దగా, తేదీలు 2 అంగుళాల్లో రాయండి. నినాదం కింద ఒత్తులకు చోటు వదలండి, పెయింటర్లూ అక్కడే బోల్తాపడతారు. పోలీసు అనుమతి ముందే తీసుకోండి. గోడల మీదైతే వద్దు, బహిరంగ స్థలాలను పాడుచేయకుండా తెచ్చిన 1997 చట్టం కింద కేసవుతుంది. తేదీలు రాస్తే ఇబ్బంది లేదు. జడ్జికి దురుద్దేశం అంటగడితే మాత్రం కోర్టు ధిక్కారం కిందికి రావచ్చు.