టాప్ 2 శాతం శాస్త్రవేత్తలున్న యూనివర్సిటీ: ప్రకటన చూసి సీటు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, చాలా ఏళ్లుగా చెన్నై పెరంబూర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ. ఫిజిక్స్, లెక్కలంటే ప్రాణం, సైంటిస్టునవుతానంటుంది. ఇక్కడి ఒక ప్రైవేటు యూనివర్సిటీ ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మా ప్రొఫెసర్లు’ అంటూ పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చింది. ఫీజు ఎక్కువే. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే సీటు ఖాయమట. మావారేమో ఇంజినీరింగే అంటున్నారు. కట్టేయమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ ప్రకటన ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. అలాగని ఆ జాబితా బూటకం కాదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ వారి స్కోపస్ (రీసెర్చ్ పేపర్ల వివరాల భాండారం) డేటాతో దాన్ని ఏటా తయారు చేస్తారు. ఒకరి రీసెర్చ్ పేపర్లను మిగతావాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్నది అందులో ముఖ్యమైన లెక్క. ఈ ప్రస్తావనలనే సైటేషన్లంటారు. జాబితాలు రెండుంటాయి. ఒకటి మొత్తం కెరీర్‌కి, రెండోది ఒక్క ఏడాదికి. రెండింటికీ చాలా తేడా ఉంది, కానీ ప్రకటనల్లో ఏ జాబితాయో తరచూ రాయరు. ఫోన్ చేసి అడగండి.

మన దక్షిణాది సంస్థల పరిశోధనకు ప్రపంచంలో గుర్తింపు వస్తోందంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. అయితే ఏ లెక్కలో వచ్చిందో చూడాలి. ప్రపంచ యూనివర్సిటీలకు ఏటా ఇచ్చే క్యూఎస్ ర్యాంకుల్లో, 2022లో బెంగళూరు ఐఐఎస్సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) అధ్యాపకుల తలసరి సైటేషన్లలో 100కి 100 వచ్చాయి, ప్రపంచంలో మొదటి స్థానం. అవే ర్యాంకుల్లో మొత్తం మీద దాని స్థానం 186. సంస్థ ఒకటే, ఏడాది ఒకటే. కొలిచింది వేరు.

మీ అమ్మాయి విషయంలో కొలవాల్సింది ఇంకొకటి. ఆ ప్రొఫెసర్లు డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతారా? వాళ్ల ల్యాబ్‌లోకి మూడో ఏడాది పిల్లల్ని రానిస్తారా? ఏ జాబితాలోనూ ఇది ఉండదు.

మీ ఊరి కథే ఒకటి చెబుతాను. చెన్నై లొయోలా కాలేజీలో ఫాదర్ రాసీన్ అనే ఫ్రెంచి గురువు లెక్కలు చెప్పేవారు. పారిస్‌లో అప్పుడు సాగుతున్న కొత్త గణితం ఆయనకు బాగా తెలుసు. ఆయన దగ్గర చదివిన ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి 1953లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1965లో వాళ్లిద్దరూ నిరూపించిన సిద్ధాంతం నేటికీ వాళ్ల పేర్లతోనే ఉంది. తర్వాత ఇద్దరూ లండన్ రాయల్ సొసైటీ ఫెలోలయ్యారు. రాసీన్ గారిని ఇవాళ గుర్తు చేసుకునేది ఎక్కువగా ఇలాంటి శిష్యుల వల్లే. మీ అమ్మాయికి కావలసింది అలాంటి గురువు.

ఒక సాయంత్రం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రీసెర్చ్ పేపర్లను వెతికే గూగుల్ స్కాలర్ సైటు తెరవండి. ప్రకటనలో ఉన్న ఫిజిక్స్ ప్రొఫెసర్ పేరు కొట్టి, పేపర్లను ఏడాది వారీగా చూడండి. ఒక్క ఏడాదిలో అరవై, డెబ్భై పేపర్లుండి, ఒకదానికొకటి పొంతన లేకపోతే జాగ్రత్త పడాలి. నాలుగైదు పేపర్లే ఉన్నా అన్నీ ఒకే విషయాన్ని తవ్వుతుంటే, వాటిలో మొదటి పేరు ఆయన విద్యార్థిది అయితే, అది పని జరుగుతున్న ల్యాబ్ అన్నమాట. ఆయన పేరు తెచ్చుకున్నది ఈ యూనివర్సిటీలో ఉండగానా, పోయినేడు వేరేచోటి నుంచి వచ్చారా అన్నదీ గమనించండి. తర్వాత క్యాంపస్‌కి వెళ్లి, అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఆగకుండా, ఫైనల్ ఇయర్ పిల్లల్ని కలిసి పోయిన బ్యాచ్ వాళ్లు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీలకు ఎక్కడికి వెళ్లారో అడగండి. ‘పెద్ద పెద్ద చోట్లకి’ అంటే సరిపోదు, సంస్థల పేర్లు చెప్పాలి.

ఇంతకీ చెన్నైలో ఉండి దగ్గరున్నవాటిని వదిలేస్తున్నారేమో అనిపిస్తోంది. ఆ శేషాద్రి గారే 1989లో మొదలుపెట్టిన చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ సిరుసేరిలో ఉంది. లెక్కలు, ఫిజిక్స్ కలిపి బీఎస్సీ ఆనర్స్ అక్కడ చదవొచ్చు. ఎంట్రన్స్ కష్టమే, కానీ లెక్కలంటే ప్రాణం అన్నారు కాబట్టి తప్పకుండా రాయించండి. కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐజర్ (IISER) తిరుపతిలో ఉంది, రైల్లో కొన్ని గంటల దూరం. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి ఐఏటీ అనే ఐజర్ల ప్రవేశ పరీక్ష రాయాలి. 60 ప్రశ్నలు, 240 మార్కులు, తప్పుకి మైనస్. బయాలజీ ప్రశ్నలు కూడా 15 ఉంటాయి, వాటిని ముందే చూసుకోమనండి.

మీవారి మాట కూడా కొట్టిపారేయలేం. అమ్మాయిని జేఈఈ రాయనివ్వండి. అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఐఐటీ మద్రాస్‌లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉంది, ఐఐఎస్సీలో నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్ కోర్సూ ఉంది. సైన్స్ చదివితే తిండి ఎలా అన్నది ఆయన టెన్షన్ అయితే ఈ లెక్కలు చెప్పండి: బోర్డులో పై 1 శాతంలో ఉండి బేసిక్ సైన్స్ తీసుకున్నవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000.

ఇవన్నీ చూశాక కూడా ఆ యూనివర్సిటీయే నచ్చితే చేర్చండి, తప్పులేదు. అడ్వాన్సు కట్టే ముందు మాత్రం ఏ తేదీలోగా సీటు వదులుకుంటే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఐఏటీ, జేఈఈ ఫలితాలు వచ్చేదాకా గడువు పెంచమని కూడా అదే రోజు అడగండి.