షాపులో ఫోటోలు తీస్తున్నారని కస్టమర్ మీద విసుక్కోకు అమ్మలూ

అమ్మలూ,

కూకట్‌పల్లిలో షాపుకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశావంట, మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. ముందు గుండె గుభేల్‌మంది. తర్వాత మీ అత్తకి చెప్తుంటే నాకే తెలీకుండా గొంతు పెద్దదైపోయింది, మన పిల్ల చీరల షాపు పెడుతోందే అని పక్కింటాయనక్కూడా వినపడేట్టు చెప్పానంట. ఉద్యోగం మానేసేముందు నన్నొక మాట అడగాల్సింది, సరే అదిప్పుడు వదిలెయ్. కానీ అద్దానికి "ఫోటోలు తీయరాదు" అని స్టిక్కర్ వేయిస్తున్నావని విన్నాక మాత్రం నిద్ర పట్టలా. బెజవాడ వన్‌టౌన్‌లో చీరల కౌంటర్ దగ్గర జుట్టు నెరిసినవాణ్ణి, ఈ ఒక్కటీ విను.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. బిల్లు ఇవ్వు, గల్లా దగ్గర కెమెరా పెట్టించు, లైట్లు తెల్లవి వేయించు, పసుపు లైట్ల కింద బాటిల్ గ్రీన్ నల్లగా కనపడుద్ది.

నేను పనిచేసిన షాపు ఓనరు గారు, పేరెందుకులే, చీర చేత్తో తడిమి ఏ ఊరి మగ్గమో చెప్పేవాడు. ఆయనకి ఫోటో అంటే ఒళ్లు మంట. ఊరికే కాదు. మంగళగిరిలో దగ్గరుండి సొంతంగా వేయించుకున్న బోర్డర్ ఒకటి ఎవడో కస్టమర్‌లా వచ్చి ఫోటో తీసుకెళ్లాడు, పండగలోపే అదే బోర్డర్ పవర్‌లూమ్ మీద దిగి సగం రేటుకి మా ఎదురు షాపులో వేలాడింది. అప్పట్నుంచీ ఎవరు ఫోన్ పైకెత్తినా ఆయన చూపు అటే.

ఓ మాఘమాసం, పెళ్లిళ్ల సీజను, దివిసీమ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెళ్లికూతురు, దాని చెల్లి, అమ్మా నాన్నా, మేనత్త. పొద్దున బోణీ టైముకి వచ్చి భోజనాల వేళ దాకా కూర్చున్నారు, పెట్టుబడి చీరలన్నీ ఏరి పక్కన పెట్టించారు, ఇక తలంబ్రాల చీర ఒక్కటే తేలాలి. రెండిటి మధ్య ఆగింది. ఒకటి ఎరుపుకి ఆకుపచ్చ అంచు, ఇంకోటి ముదురు గులాబీ. చెల్లెలు పిల్ల రెండూ పక్కపక్కన పరిచి ఫోన్‌తో ఫోటో తీసింది. ఓనరు గారు గల్లా దగ్గర్నుంచి లేచొచ్చి ఆ పిల్ల చేతిలో ఫోన్ లాక్కుని డిలీట్ కొట్టి కౌంటర్ మీద పడేసి, "ఇక్కడ చూసి ఇంకోచోట కొనుక్కోడానికా" అన్నాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. తండ్రి అరుస్తాడేమో అనుకున్నా, అరవలా. కండువా భుజాన వేసుకుని "లేవండమ్మా" అన్నాడు, అంతే. వెనకాలే మెట్ల దాకా వెళ్లా నేను, మేనత్త దిగుతూ చెప్పింది, నాయనమ్మకి తుంటి విరిగి మంచంలో ఉంది బాబూ, తలంబ్రాల చీర ఆవిడ చూసి ఊ అన్నాకే కొనాలని మా వాడి పట్టుదల అని.

ఆ సాయంత్రం విప్పిన చీరలన్నీ నేనూ కుర్రాడూ మడతలేశాం. పట్టుచీర మళ్లీ పాత గీత మీదే మడత పడాలి, కొంచెం పక్కకి పోయినా కట్టి విడిచినదానిలా కనపడుద్ది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని వేస్తుంటే ఓనరు గారు లెక్కలు చూస్తున్నట్టు పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు, ఒక్క అంకె వేయలా. ఎవడో చేసినదానికి ఎవరికో తగిలిందని ఆయనకీ తెలుసు. ఆ ఊరి పెళ్లి బేరాలు అంతకుముందు మా దగ్గరికే వచ్చేవి, తర్వాత రాలా.

నీక్కూడా కోపం ముక్కుమీదే ఉంటది కదా. క్యారమ్స్‌లో ఓడిపోతే కాయిన్లన్నీ డాబా మీద నుంచి కిందికి పోసేదానివి, అవి ఏరి మీ అత్త నడుం పట్టేసేది. నా భయమంతా అదే.

2016లో జియో వచ్చాక ఫోటో తీయనివాళ్లు ఎవరు చెప్పు? కట్టుకునేది ఒకరు, డబ్బులిచ్చేది ఒకరు, బాగుందనాల్సింది అమెరికాలో ఉన్న ఆడపడుచు. వద్దంటే దొంగచాటుగా తీస్తారు, అది వంకరగా వచ్చుద్ది, రంగు పోద్ది, ఆ ఫోటో చూసి అవతలావిడ "ఏం బాలేదు" అంటది. అదేదో నువ్వే తీసివ్వు. చీర గుమ్మం దగ్గర వెలుతురులోకి తెచ్చి, కొంగు విప్పి, పక్కన నీ షాపు కార్డు పెట్టి తీయి. రేపు పది షాపుల ఫోటోలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఏది ఎక్కడ చూశారో వాళ్లకే గుర్తుండదు, నీదొక్కటే అడ్రస్‌తో ఉంటది. వాట్సాప్‌లో పంపుతానను, నంబరు కూడా నీ దగ్గర ఉంటది.

పోచంపల్లి చీర ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే అదే డిజైన్ ఎనిమిది తొమ్మిది వందలకి చూపిస్తది, నీ మొహాన పెట్టి అడుగుతారు కూడా. ఉలిక్కిపడకు. అది ప్రింటు. పోచంపల్లిది ఇక్కత్ నేత, దానికి నూలుకే ముడులేసి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండువైపులా రంగు ఒకేలా ఉంటది, ప్రింటైతే వెనకవైపు వెలిసినట్టుంటది. "వెనకవైపు కూడా ఫోటో తీసుకోమ్మా, అక్కడ కూడా తిప్పి చూపించమను" అని నువ్వే చెప్పు. పట్టు అయితే అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ కూడా ఫోటోలో పడనీ. సరుకు నిజమైతే పోల్చుకోనివ్వడానికి భయమేంటి?

అట్లాగని అన్నిటికీ తలూపమనట్లా. షాపు నీది, ఫోటో వద్దని మర్యాదగా చెప్పే హక్కు నీకుంది, ఫోన్ ముట్టుకునే హక్కు మాత్రం లేదు. అద్దం ముందు చీర చుట్టుకుని చూసుకునే ఆడవాళ్లు ఫ్రేములో పడుతుంటే వెంటనే ఆపు, అక్కడ మొహమాటం వద్దు. కొనకుండా బీరువాలో వరసగా అన్నీ ఫోటోలు తీసుకుంటూ పోయేవాణ్ణి "ఏ ఫంక్షన్‌కి సార్" అని అడుగు, కస్టమరో కాదో జవాబులోనే తెలిసిపోద్ది. నువ్వు కొత్తగా వేయించిన డిజైన్ ఉంటే షోకేసులో పెట్టకముందే డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయించు, పదేళ్లు నీదే, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. జనానికి చూపించాక అప్లై చేస్తే కొత్తదని ఒప్పుకోరు. ఓనరు గారు కోపం బదులు ఈ పని చేసుంటే బాగుండేది.

ఇంకోటి, టికెట్ మీద కొన్న రేటు కోడ్‌లో రాస్తావు కదా, అంకెకో అక్షరం లెక్కన. టికెట్ ఫోటోలు పది పోగేస్తే ఏ తెలివైన పిల్లాడైనా ఆ కోడ్ విప్పేస్తాడు. కొన్న రేటు టికెట్ మీద అసలు వద్దు, కంప్యూటర్‌లో పెట్టుకో. అమ్మే రేటు మాత్రం కనపడేట్టు రాయి.

అప్పు సరుకు గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. చుట్టాలకి అసలివ్వకు, నాక్కూడా. ఓపెనింగ్‌కి మీ అత్త మంగళగిరి చీర ఒకటి కొంటానంటోంది, డిస్కౌంట్ అడుగుద్ది, ఇవ్వకు. ముహూర్తం ఖాయమయ్యాక ఫోన్ చెయ్, రైలు టికెట్లు ముందే తీసుకోవాలి.

మీ మావయ్య